బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లు ఎండలు ముదరకముందే కళ్లు చూపించుకోండి

హైదరాబాద్‌లో శివరాత్రి దాటిందంటే ఎవరి కళ్లు మండినా ఇంట్లో ఒకటే మాట: వేడి చేసింది, సబ్జా గింజలు నానబెట్టి తాగు, మజ్జిగ తాగు. మామూలు మనిషికైతే ఆ మాటతో వచ్చే నష్టం లేదు. కానీ ఇంకొకరి స్టెమ్ సెల్స్‌తో బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న మనిషి కళ్లు మండుతున్నాయంటే, నెల ఏదైనా సరే, ముందు జీవీహెచ్‌డీని (గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ డిసీజ్) అనుమానించాలి. ఎండాకాలంలో ఆ అనుమానమే రాదు, ఊరంతా కళ్లు నులుముకుంటుంటే మనదీ అదేలే అనిపిస్తుంది. అందుకే ఏప్రిల్ రాకముందే రాస్తున్నాను.

జీవీహెచ్‌డీ గురించి మీ డాక్టర్లు ఈపాటికి చెప్పే ఉంటారు, డోనర్ నుంచి వచ్చిన రోగనిరోధక కణాలు పేషెంట్ ఒంటిని పరాయిదనుకుని దాడి చేయడం. చర్మం, నోరు, కాలేయం, పేగుల గురించి ప్రతి చెకప్‌లో మాట వస్తుంది, కళ్ల గురించి మనం అడిగితే తప్ప చాలాసార్లు రాదు. దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి అది కళ్లలో కూడా కనిపిస్తుంది. కన్నీళ్లు తయారుచేసే గ్రంథులు, రెప్పల అంచున నూనె వదిలే సన్నటి గ్రంథులు, తెల్లగుడ్డు మీది పొర దెబ్బతింటాయి. గ్రంథి ఒకసారి మచ్చకట్టిపోతే మళ్లీ మునుపటిలా పనిచేయడం కష్టం, కాబట్టి మంట భరించలేనంత అయ్యేదాకా ఆగకూడదు.

మా అక్కకి ఎక్కించినవి నా కణాలే, అందుకే ఈ విషయం నాకు ఇంత పట్టింపు. స్టెరాయిడ్ డోసు తగ్గిస్తూ వస్తున్న నెలల్లో తన కళ్లలోంచి నీళ్లు కారడం మొదలైంది. చుట్టాలు ఏడుస్తున్నావా అని అడిగేవాళ్లు. ఇక్కడే చాలామంది పొరబడతారు: నీళ్లు కారుతుంటే పొడిబారడం ఎలా అవుతుంది అని. కంటిపైన ఉండాల్సిన చిక్కటి తడి పొర పోయినప్పుడు ఆ చికాకుకి కన్ను ఒక్కసారిగా పలచటి నీళ్లు వదులుతుంది, అవి నిలవకుండా చెంపల మీదికి జారిపోతాయి. ఇసుక పడ్డట్టు గరగర, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోవడం, దారాల్లాంటి పుసులు, వెలుతురు చూడలేకపోవడం, రెప్ప కొడితే చూపు తేటపడి మళ్లీ మసకబారడం కూడా ఇందులోవే. ఇమ్యూనిటీ తగ్గించే మందుల డోసు తగ్గించిన తేదీ, కళ్లలో తేడా మొదలైన తేదీ ఒకే నోట్‌బుక్‌లో రాసిపెట్టండి, డాక్టర్‌కి ఆ రెండు తేదీలూ చాలా పనికొస్తాయి.

పరీక్షల విషయానికొస్తే, ట్రాన్స్‌ప్లాంట్‌కి ముందే ఒకసారి పూర్తి కంటి పరీక్ష జరిగి ఉండాలి, తర్వాత తేడా దాంతో పోల్చి చూస్తారు. ఆ తర్వాత 100 రోజుల ప్రాంతంలో, 6 నెలలకి, ఏడాదికి, అక్కడ్నుంచి ఏటా ఒకసారి చూపించుకోవడం మంచిది, జీవీహెచ్‌డీ ఉంటే డాక్టర్ చెప్పినంత తరచుగా. ఎండాకాలంలో పడే చెకప్‌ని మార్చిలోకి జరుపుకోండి. అద్దాల షాపులో కంప్యూటర్ చెకప్ దీనికి సరిపోదు. స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద కన్ను చూడాలి, రంగు చుక్క వేసి నల్లగుడ్డు మీద గీతలు, పుండ్లు ఉన్నాయేమో చూడాలి, కంటి లోపలి ప్రెషర్ కొలవాలి, కంటిపాపను పెద్దది చేసి రెటీనా, అంటే కంటి వెనక ఉండే పొర, చూడాలి. కింది రెప్పలో సన్నటి కాగితం పెట్టి 5 నిమిషాలు ఉంచే షిర్మర్ పరీక్షలో 5 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ తడిస్తే కన్నీరు బాగా తగ్గిపోయినట్టే. బంజారాహిల్స్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో నల్లగుడ్డు మీద ఒత్తకుండా నీటి పొరను పట్టి ఉంచే స్క్లెరల్ లెన్స్‌ల దాకా వైద్యం దొరుకుతుంది, మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఎక్కడికెళ్లినా రిపోర్టు మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి చేరాలి, ఎందుకంటే కళ్లలో మొదలైంది ఒంట్లో ఇంకోచోట కూడా మొదలై ఉండొచ్చు.

ఇంట్లో వారానికొకసారి చేయాల్సిన పని ఒకటుంది, పైసా ఖర్చు లేదు. గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, ప్రతిసారీ ఒకే చోట నిలబడి, ఒక కన్ను అరచేత్తో మూసి తేదీ అంకె, దాని కింద తిథి, నక్షత్రం చిన్న అక్షరాలు చదవండి, తర్వాత రెండో కన్ను. రెండు కళ్లతో చూస్తే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది. ముందు వారం చదివిన అక్షరం ఈ వారం చదవలేకపోతే, గీతలు వంకరగా కనిపిస్తే, ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ ముందుకి జరుపుకోండి. పిల్లలు ఇలా చెప్పలేరు. తలసీమియాకి ట్రాన్స్‌ప్లాంట్ అయిన పిల్లలున్న ఇళ్లల్లో అమ్మానాన్నలే గమనించాలి, టీవీకి మరీ దగ్గరగా జరగడం, బయటికి రాగానే తల దించుకోవడం, ఊరికే కళ్లు నలపడం.

నొప్పి లేకుండా వచ్చేవి ఇంకా భయపెట్టాలి. స్టెరాయిడ్‌ల వల్ల కంటి ప్రెషర్ పెరిగి నీటికాసులు రావొచ్చు, శుక్లం చిన్న వయసులోనే రావొచ్చు, ఒళ్లంతా రేడియేషన్ ఇచ్చినవాళ్లకి శుక్లం ముప్పు ఇంకా ఎక్కువ. సైటోమెగలో వైరస్ రెటీనాకి పాకితే కన్ను ఎర్రబడకుండానే, నొప్పి లేకుండానే చూపు పోవచ్చు, నల్లటి చుక్కలు తేలడం, ఒక పక్క చూపు చీకటవడం దాని గుర్తులు. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన రోజుల్లో రెటీనాలో రక్తం కారొచ్చు. సొంత కణాలతో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నవాళ్లకి, అంటే ఎక్కువగా మైలోమా అనే రక్త క్యాన్సర్ పేషెంట్లకి, జీవీహెచ్‌డీ భయం దాదాపు లేదు గానీ స్టెరాయిడ్ శుక్లం, ఇన్ఫెక్షన్లు వాళ్లనీ వదలవు.

ఇక ఎండాకాలం. గాలిలో తేమ తగ్గి, ఉన్న కాస్త కన్నీరూ ఆరిపోతుంది. కూలర్ గాలి, ఏసీ గాలి నేరుగా మొహానికి తగలనివ్వకండి, ఫ్యాన్ కింద పడుకుంటే తల ఇంకో వైపు పెట్టుకోండి. నీళ్లు నిలిచి బూజు పట్టిన కూలర్ గడ్డి అసలు ఇంట్లో ఉండకూడదు, ఇమ్యూనిటీ తక్కువున్న మనిషికి అది కళ్ల కన్నా ముందు ఊపిరితిత్తులకి ప్రమాదం. బండి మీద వెళ్తే హెల్మెట్ అద్దం దించండి, నడిచేటప్పుడు పక్కల నుంచి కూడా గాలి, దుమ్ము ఆపే కళ్లద్దాలు పెట్టుకోండి. హోలీ రంగులకి దూరంగా ఉండండి, ఎంత బతిమాలినా సరే. వానలు మొదలయ్యాక కళ్లకలక వచ్చినవాళ్లుంటే తువ్వాలు, దిండు వేరుగా పెట్టుకోండి, 2023 జూలైలో ఊరంతా ఎలా పాకిందో గుర్తుంది కదా.

చుక్కల మందుల్లో ప్రిజర్వేటివ్ లేనివి అడగండి, రోజుకి చాలాసార్లు వేసుకునేవాళ్లకి ఆ ప్రిజర్వేటివే కంటిని ఇంకా గాయపరుస్తుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగండి. సీరం చుక్కలు రాసిస్తే అవి మీ రక్తంలోంచే తయారవుతాయి, ఫ్రిజ్‌లోనే ఉండాలి, కరెంటు పోయి వేడెక్కిన సీసా వాడకండి. మెడికల్ షాపులో ఎర్రకన్నుకి అని ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, వేసిన రెండు రోజులు హాయిగానే ఉంటుంది, లోపల ఇన్ఫెక్షన్ ఉంటే పెరుగుతుంది. నందివర్ధనం పూల రసం, తేనె, తల్లిపాలు, ఆముదం, రోజ్ వాటర్, కాటుక, పాతబస్తీలో కొనే సుర్మా, ఇవేవీ ఆ కంట్లో పడకూడదు. అమ్మమ్మలు ప్రేమతోనే తెస్తారు, వాళ్లకి కోపం వచ్చినా పర్లేదు, వద్దని చెప్పండి. పొన్నగంటి కూర బాగా కడిగి వండి పెట్టమనండి, తినడానికి అభ్యంతరం లేదు.

అదే రోజు ఆసుపత్రికి పరిగెత్తాల్సినవి ఇవి: చూపు ఉన్నట్టుండి తగ్గడం, కళ్ల ముందు పరదా పడ్డట్టు ఉండటం, మెరుపులు, కొత్తగా తేలే చుక్కలు, తట్టుకోలేని నొప్పి, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ. నుదురు మీద, ముక్కు కొన మీద ఒక పక్కనే పొక్కులొస్తే అది సర్పి కావొచ్చు, కంటిదాకా వస్తుంది, మంత్రం వేయించి ఎర్రమట్టి పూసుకుంటూ కూర్చోకండి. ఇమ్యూనిటీ తగ్గించే టాక్రోలిమస్ గానీ సైక్లోస్పోరిన్ గానీ వాడుతున్నప్పుడు బీపీ పెరిగి, తలనొప్పితో చూపు మసకబారితే నేరుగా ట్రాన్స్‌ప్లాంట్ చేసిన ఆసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి, ఆ తేడా మెదడుది కావొచ్చు.

కంటి డాక్టర్ గదిలోకి వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట ట్రాన్స్‌ప్లాంట్ అయిందని, ఏ తేదీన, ఎవరి కణాలతో అని. వాడుతున్న మందులన్నీ, చుక్కల సీసాలతో సహా, ఒక కవర్‌లో వేసుకెళ్లండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఎండ చూడలేరు, కాబట్టి తోడు ఒకర్ని తీసుకెళ్లండి, బండి మాత్రం మీరు నడపొద్దు.