బైబిల్ అంతా ఒకే కథ – 4వ పాఠం: రూతు ఏరిన పరిగె

పోయిన వారం నోటుబుక్కులో గీసుకున్న పొడవాటి గీత ముందు పెట్టుకోండి. అబ్రాహాము దగ్గర ఒక చుక్క, ఐగుప్తు (ఈజిప్టు) దగ్గర ఒకటి, దావీదు దగ్గర ఒకటి, బబులోను దగ్గర ఒకటి, యేసు దగ్గర ఒకటి పెట్టాం. ఈ వారం ఒక చిన్న గ్రంథాన్ని తీసుకుని, అది ఆ గీత మీద ఎక్కడ కూర్చుంటుందో వెతకడం నేర్చుకుందాం.

రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. పాఠం ఇక్కడ ఆపి, ముందు అది చదివి రండి. పైకి చదివితే ఇంకా మంచిది.

చదివారు కదా. దీన్ని మనకు ఎప్పుడూ అత్తాకోడళ్ల ప్రేమ కథగానే చెబుతారు. ఆ ప్రేమ నిజమే. కానీ అక్కడే ఆగిపోతే, ఇది బైబిల్లో ఈ చోటే ఎందుకుందో మనకు అందదు. అందుకే ఏ గ్రంథం తీసుకున్నా మొదటి వాక్యం, చివరి వాక్యం పక్కపక్కన పెట్టి చూడండి. రూతు "న్యాయాధిపతులు ఏలిన దినములయందు" అని మొదలవుతుంది. చివర వినిపించే పేరు దావీదు. దీనికి ముందున్న న్యాయాధిపతుల గ్రంథమేమో, ఇశ్రాయేలుకు రాజు లేడు, ఎవరి ఇష్టం వారిదైపోయింది అంటూ ముగుస్తుంది. రాజు లేని ఆ కాలం నుంచి దావీదు దాకా కథను మోసుకొచ్చింది కరువుకు వలసపోయిన ఒక కుటుంబం.

బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు. ఆ ఊళ్లోనే తిండి కరువైంది. ఎలీమెలెకు పెళ్లాన్నీ ఇద్దరు కొడుకులనూ తీసుకుని మోయాబుకు పోయాడు. పాలమూరు వాళ్లకు ఇది విడమరచి చెప్పాలా? బొంబాయి బస్సు ఎక్కినవాళ్లు మనలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. పదేళ్లు గడిచాయి. ముగ్గురు మగవాళ్లూ అక్కడే పోయారు. ఎలీమెలెకు భార్య నయోమి, మోయాబు కోడలు రూతుతో బేత్లెహేముకు తిరిగొచ్చింది. నిండుగా వెళ్లి వట్టి చేతులతో వచ్చానని నయోమి తన ఊరి ఆడవాళ్లతో అంటుంది. మా కూడికలో ఈ మాట చదువుతుంటే ఒక పెద్దమ్మ ఆపమంది. ఆమె భర్త పనికి పోయి తిరిగి రాలేదు. "గా బాధ నాకు ఎరుకే బిడ్డా" అని చాలాసేపు మాట్లాడలేదు. మేమూ ఆ రోజు తర్వాతి వచనానికి పోలేదు.

ఇప్పుడు అసలు పని. ఒక మాట పట్టుకుని వెనక్కి నడవాలి. రెండో అధ్యాయంలో ఆ మాట "పరిగె", అంటే కోత అయ్యాక చేలో మిగిలిపోయిన గింజా వెన్నూ.

మా అమ్మ పల్లికాయ తవ్విన చేలల్లో పరిగె ఏరేది. రైతు చూసీ చూడనట్టు ఊరుకుంటే కొంగు నిండేది, అరిస్తే ఖాళీగా వచ్చేది. రూతు విషయం వేరు. పరిగె ఏరుకోవడం ఆమె హక్కు. లేవీయకాండము 19వ అధ్యాయం తీయండి. 9, 10 వచనాలు చేను అంచుల దాకా కోయవద్దనీ, పరిగె ఏరుకోవద్దనీ, అవి బీదలకూ పరదేశులకూ విడవాలనీ చెబుతాయి. ద్వితీయోపదేశకాండము 24లో చేలో మరచిపోయిన పన (కోసి కట్టిన కట్ట) కూడా పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాలికి. ఎందుకో 22వ వచనంలో ఉంది: నువ్వు ఐగుప్తులో దాసుడిగా ఉన్నావని గుర్తుంచుకో. అంటే సాయంకాలానికి రూతు దుళ్లగొట్టిన ఆ తూమెడు యవల (బార్లీ) వెనుక ఇటుకలు మోసిన ఒక జాతి జ్ఞాపకం ఉంది. రెండు అడుగుల్లో బేత్లెహేము చేను నుంచి ఐగుప్తుకు చేరాం. ఇంకొక అడుగు వేస్తే ఆదికాండము 12:3, అబ్రాహాములో భూమి మీది వంశాలన్నీ ఆశీర్వాదం పొందుతాయన్న మాట.

ఇక్కడ ఒక ముల్లుంది, దాటేయవద్దు. పరిగె వదలమన్న అదే ద్వితీయోపదేశకాండము, 23:3లో మోయాబీయుడు యెహోవా సమాజంలో చేరకూడదంటుంది. గ్రంథకర్త ఈ సంగతి దాచడు. పదే పదే ఆమెను "మోయాబీయురాలైన రూతు" అనే రాస్తాడు. ఆమె మాత్రం "నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు" అని వచ్చేసింది. తన చేలో ఆమెను ఆదరించి, తర్వాత పెళ్లాడిన బోయజు ఎవరి కొడుకు? మత్తయి 1:5 చూడండి, రాహాబు కొడుకు. ఆమెదీ బయటి జాతే, యెరికో ఊరు. నాకు ఈ వచనం దొరికిన రోజు రూతు గ్రంథాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను.

ముందుకు నడవడం తేలిక: రూతు, బోయజుల కొడుకు ఓబేదు, అతని కొడుకు యెష్షయి, అతని కొడుకు దావీదు, ఆ తర్వాత అదే బేత్లెహేములో యేసు.

మరి మనం ఎక్కడున్నాం? 2:10లో రూతు తనను తాను "పరదేశి" అంటుంది. ఆ మాట పట్టుకుని ఎఫెసీయులకు 2:19కి రండి. మీరు ఇక పరజనులు, పరదేశులు కారు, దేవుని ఇంటివారు అని పౌలు రాసింది యూదులు కాని వాళ్లకు. నల్లగొండలో, నాగర్‌కర్నూల్‌లో కూర్చుని చదివే మనం ఆ ఇంట్లోకి రూతు వచ్చిన వాకిలి నుంచే వచ్చాం. ఇప్పుడు మన చేలల్లోకి నాట్లకు బీహారు నుంచి, ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కూలీలు వస్తున్నారు. వరికోత మెషిన్ పోయాక చేను అంచున వాళ్లకు మిగిలేదేమిటని మా కూడికలో ఒక రైతే అడిగాడు. దాని మీద ఇంకా మాట్లాడుకుంటున్నాం.

ఈ వారం పని: నోటుబుక్కు గీత మీద ఐగుప్తుకూ దావీదుకూ మధ్య రూతుకు చుక్క పెట్టండి. 2:20లో "విడిపింపగల" బంధువు అన్న మాట పట్టుకుని లేవీయకాండము 25:25కి వెనక్కి వెళ్లండి. అక్కడ బంధువు ఏమి విడిపిస్తాడో, రూతు 4లో బోయజు ఏమేమి విడిపించాడో రెండు వరసల్లో రాసుకోండి. వచ్చే పాఠానికి 2 సమూయేలు 7 చదివి రండి. దావీదు దేవునికి ఇల్లు కడతానంటే దేవుడు ఏమన్నాడో గుర్తు పెట్టుకోండి, అక్కడి నుంచి మొదలుపెడదాం.