ఆఫీసులో పచ్చని చోటు, మూడో పాఠం: కుండీలు ఎక్కడ పెట్టాలి?

పోయిన పాఠంలో ఫ్లోర్ అంతా తిరిగి ఎక్కడ ఎంత వెలుతురు ఉందో రాసుకున్నారు కదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఇవాళ, జనం ఆగి మాట్లాడుకునేలా కుండీలకి చోటు ఖాయం చేద్దాం.

చాలా ఆఫీసుల్లో మొక్కలన్నీ ఖాళీ మూలకి తోసేసి, రెండు సోఫాలు వేసి, ఇక జనం వచ్చి కూర్చుని మాట్లాడుకుంటారని ఎదురుచూస్తారు. ఎవరూ ఆ వైపు వెళ్లకపోబట్టే ఆ మూల ఖాళీగా ఉంది! జనం ఇప్పటికే ఎదురుపడే చోటికే మొక్కల్ని తీసుకెళ్లాలి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ప్రొఫెసర్ థామస్ అలెన్ 1970ల్లో ఇంజనీర్ల మీద చేసిన పరిశోధనలో, సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు గబగబా తగ్గిపోయి, 50 మీటర్లు దాటాక దాదాపు లేకుండా పోతాయని తేలింది. కాబట్టి రెండు టీమ్‌ల దారులు కలిసే చోటు వెతకండి. చాలాచోట్ల అది టీ మెషినే.

అక్కడ కాసేపు నిలబడి చూడండి. కప్పు నిండుతుంది, పక్క టీమ్ అమ్మాయి పలకరిస్తుంది, ఒక చేతిలో వేడి టీ, ఇంకో చేతిలో ఫోను, కప్పు పెట్టడానికి చోటుండదు, వెనక లైన్లో వాళ్లు తప్పుకోమన్నట్టు చూస్తుంటారు, మాట అక్కడితో తెగిపోతుంది. మెషిన్‌కి నాలుగడుగులు పక్కగా, దారికి అడ్డం రాకుండా, పొడవాటి కుండీ పెట్టి దాని అంచు మీద జానెడు వెడల్పు చెక్క బిగించండి. నేల నుంచి 100-105 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే కప్పు పెట్టుకుంటారు, మోచేయి ఆనిస్తారు, ఇంకో రెండు నిమిషాలు ఆగుతారు. అందులో పొట్టి మొక్కలే వేయండి, అవతలి మనిషి మొహం కనపడాలి. మేనేజర్ క్యాబిన్ అద్దం ఎదురుగా ఉంటే మాత్రం ఆ వైపు ఎత్తైన అరెకా పామ్ అడ్డం పెట్టండి, లేకపోతే ఎవరూ నిలబడరు.

ఇక మన విశాఖ సంగతి. రుషికొండ వైపు సముద్రానికి ఎదురుగా అద్దాలున్న ఫ్లోర్లలో పొద్దున ఎండ నేరుగా పడుతుంది, పీస్ లిల్లీ ఆకులు మాడిపోతాయి. ఏసీ గాలి సూటిగా తగిలితే అరెకా ఆకుల కొసలు ఎండుతాయి, శని ఆదివారాలు ఏసీ ఆపేస్తే లోపలంతా ఉక్కపోత. రెండింటికీ ఓర్చుకునేవి మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, జీజీ (ZZ) ప్లాంట్. కొత్తవాళ్లు వీటితోనే మొదలుపెట్టడం మేలు. కడియం నర్సరీల నుంచి తెప్పిస్తే వెంటనే ఏసీ గదిలో పెట్టొద్దు, వారం పది రోజులు నీడపట్టున ఉంచి అలవాటు చేయండి.

ఈ వారం పని: ఫ్లోర్ ప్లాన్ జిరాక్స్ మీద, పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి, ఇద్దరు ఆగి మాట్లాడుకున్న ప్రతిచోటా చుక్క పెట్టండి. చుక్కలు గుంపుగా పడ్డచోట వెలుతురు ఎంతుందో పాత కాగితంలో చూసి, పక్కనే రాసుకోండి. వచ్చే పాఠంలో నీళ్లు పోయడం, కుండీ కింద ప్లేట్లలో దోమలు పెరగకుండా చూడటం.