స్టిల్ లైఫ్ గ్రూప్ షో పెట్టాలనుకుంటే ముందే తేల్చుకోవాల్సినవి

ఐదారుగురు ఆర్టిస్టులు కలిసి స్టిల్ లైఫ్ (అంటే పళ్ళు, గిన్నెలు, సీసాలు లాంటి కదలని వస్తువుల బొమ్మలు) మీద షో పెడదాం అనుకోగానే ముందు గ్యాలరీకి ఫోన్ చేసి డేట్లు అడుగుతారు, కానీ దానికంటే ముందు అందరూ ఓ సాయంత్రం కూర్చుని అసలు ఈ వస్తువుల్ని ఇప్పుడు ఎందుకు వేస్తున్నాం అని గట్టిగా మాట్లాడుకోవాలి. స్టిల్ లైఫ్ అనగానే మనవాళ్ళకి ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఫస్టియర్ క్లాసే గుర్తొస్తుంది, స్టూల్ మీద ఇత్తడి చెంబు, వెనకాల మడతలు పడేలా వేలాడేసిన గుడ్డ, రెండు యాపిల్స్. చేతికి ప్రాక్టీస్ కోసం వేసేది అనే చిన్నచూపు వేసేవాళ్ళలో కూడా ఉంది. ఇది చాలా పాతది, 1660ల్లోనే ఫ్రాన్స్‌లో ఆంద్రే ఫెలిబియాన్ అనే ఆయన పెయింటింగుల్లో ఏది గొప్పదో ఏది తక్కువో వరస కట్టి పళ్ళు పూలు గవ్వలు వేసేవాళ్ళని అట్టడుగున పెట్టాడు. మీ షో చూసినవాళ్ళకి ఆ అభిప్రాయం మారాలి, అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్నా.

థీమ్ దగ్గర ఒక మాట. "పళ్ళు, పూలు" అని పెడితే అందరూ ఇంట్లో ఉన్న పాత వర్కులు పట్టుకొస్తారు, అదే ఒక ప్రశ్న పెట్టి చూడండి, ఉదాహరణకి మన వంటింట్లోంచి ఏవి వెళ్ళిపోయాయి, ఏవి కొత్తగా వచ్చి చేరాయి అని. అప్పుడు ఒకరు అమ్మమ్మగారి ఊరగాయ జాడీ వేస్తారు, ఇంకొకరు కడిగి దాచిపెట్టిన ఫుడ్ డెలివరీ డబ్బాలు, మరొకరు ఫ్రిజ్ డోర్‌లో గుడ్ల పక్కన ఉండే ఇన్సులిన్ పెన్నులు. డచ్ వాళ్ళు పదిహేడో శతాబ్దంలో పుర్రె, ఇసుక గడియారం, ఆరిపోయిన కొవ్వొత్తి ఇవన్నీ బల్ల మీద పెట్టి వేసింది కూడా ఎన్నాళ్ళు బతుకుతాం అనే ప్రశ్నతోనే కదా. మన దేశపు ఆర్టిస్ట్ సుబోధ్ గుప్తా 2006లో మనందరి ఇళ్ళల్లో ఉండే స్టీల్ గిన్నెలతో అంత పెద్ద పుర్రె కట్టాడు. 2001లో బ్రిటిష్ ఆర్టిస్ట్ సామ్ టేలర్ జాన్సన్ తీసిన చిన్న వీడియో ఒకటుంది, బుట్టలో పళ్ళు మన కళ్ళముందే బూజుపట్టి కుంగిపోతాయి, పక్కనున్న ప్లాస్టిక్ పెన్ను మాత్రం చెక్కుచెదరదు, నాకైతే ఈ కాలం స్టిల్ లైఫ్ అంటే ఆ పెన్నే. కాబట్టి పెయింటింగులకే పరిమితం అవ్వకండి, ఫొటో, వీడియో, సిరామిక్ చేసేవాళ్ళని కూడా పిలవండి.

ఇక గ్యాలరీ. హైదరాబాద్‌లో అయితే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ, రవీంద్రభారతిలోని ఐసీసీఆర్ ఆర్ట్ గ్యాలరీ లాంటివి ఉన్నాయి, ఎక్కడైనా సరే హాల్ ఖాళీగా ఉన్నప్పుడు టేపు పట్టుకెళ్ళి గోడలు మీరే కొలుచుకోండి. తర్వాత లెక్క సింపుల్, 40 అడుగుల గోడకి 2 అడుగుల వెడల్పు వర్కులు, మధ్యలో, చివర్లలో 2 అడుగుల ఖాళీ వదిలితే తొమ్మిదే పడతాయి, పది పట్టవు. ఈ లెక్క చూపిస్తే అందరి మొహాలు మాడతాయి, అయినా గట్టిగా నిలబడాలి. ఇటలీ పెయింటర్ మొరాండీ బొలోన్యా ఊళ్ళో తన ఇంటి గదిలో ఏళ్ళ తరబడి ఎక్కువగా దుమ్ముపట్టిన సీసాలూ డబ్బాలూ వేశాడు, అంత చిన్న నెమ్మదైన బొమ్మకి చుట్టూ ఖాళీ లేకపోతే దాని గొంతే వినపడదు. సెలక్షన్ మాత్రం షోలో వర్క్ లేని ఒకరికి అప్పగించండి, లేకపోతే ఫ్రెండ్‌షిప్పులు పోతాయి.

హ్యాంగింగ్‌లో, అంటే బొమ్మలు గోడకి తగిలించేటప్పుడు, ఒక్కో ఆర్టిస్టుకి ఒక్కో గోడ పంచేయడం మన దగ్గర అలవాటు, గొడవలు రావు నిజమే కానీ స్టిల్ లైఫ్‌కి అది అన్యాయం అంటాను. కలపండి. జాడీ పక్కన డెలివరీ డబ్బాలు పెడితే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకుండానే రెండూ మాట్లాడుకుంటాయి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో రావాలి, పైఅంచులు ఒకే లైన్‌లో పెట్టే పద్ధతి వద్దు, సైజులు వేరైతే చిన్నవి పైకెక్కిపోతాయి. ఒక్కో ఫ్రేమ్‌కి రెండు మేకులు కొట్టండి, ఒకటే అయితే రెండో రోజుకల్లా పక్కకి ఒరిగిపోతుంది.

లైట్ల మీద కొంచెం ఖర్చు పెట్టండి ప్లీజ్. స్టిల్ లైఫ్ అంటేనే వస్తువు మీద పడ్డ వెలుగు, ఆర్టిస్ట్ అంత కష్టపడి వేసిన నీడని పైనున్న తెల్ల ట్యూబ్‌లైట్ చంపేస్తుంది. 3000కె (కెల్విన్, కొంచెం పసుపు కలిసిన వెచ్చటి వెలుగు) దగ్గర్లో ఉన్న ఎల్ఈడీ స్పాట్ లైట్లు, సీఆర్ఐ (రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నవి అడిగి తీసుకోండి, పైనుంచి, నిలువు గీతకి సుమారు 30 డిగ్రీల కోణంలో పడితే ఫ్రేమ్ గ్లాస్ మీద మెరుపు తగ్గుతుంది. ఆయిల్‌కి 200 లక్స్ (బొమ్మ మీద పడే వెలుగు కొలత) దాకా పర్లేదు, వాటర్ కలర్‌కి 50 దాటొద్దు, కాగితం మీద రంగు వెలిసిపోతే మళ్ళీ రాదు.

లేబుల్స్ తెలుగులో కూడా పెట్టండి, ఎక్కువమంది ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు. పేరు, సంవత్సరం, మీడియం, సైజు (ఎత్తు ముందు, తర్వాత వెడల్పు), దాని కింద ఆ వస్తువు ఎక్కడిదో ఒక్క లైను. "కోవిడ్ టైమ్‌లో నాన్న వాడిన ఆక్సీమీటర్" అని రాసుంటే దాటిపోతున్న మనిషి కూడా వెనక్కొచ్చి చూస్తాడు.

ఎవరైనా నిజం పళ్ళతో ఇన్‌స్టలేషన్ (వస్తువుల్నే హాల్లో అమర్చి చేసే వర్క్) చేస్తామంటే గ్యాలరీవాళ్ళని ముందే అడగండి, చీమలు ఎలుకలు పక్కవాళ్ళు కాగితం మీద వేసిన బొమ్మల జోలికి కూడా వెళ్తాయి. కొత్త ఆయిల్ వర్కుల్ని బబుల్ రాప్‌లో నేరుగా చుట్టకండి, ఆ బుడగల అచ్చు రంగు మీద పడిపోతుంది, ముందు గ్లాసైన్ పేపర్ (నున్నటి పల్చటి కాగితం) వేయాలి.

డబ్బు సంగతి ఎంత దగ్గరివాళ్ళయినా కాగితం మీద పెట్టండి, అద్దె ఎలా పంచుకుంటారు, అమ్ముడైతే గ్యాలరీకి ఎంత శాతం, దారిలో ఫ్రేమ్ పగిలితే ఎవరు భరించాలి, అమ్ముడవని వర్క్ ఏ తేదీకి ఎవరు తీసుకెళ్ళాలి. ఈ చివరిదానికి ఓపెనింగ్‌కి ముందే అందరి దగ్గరా సంతకం తీసుకోండి, షో అయిపోయాక ఎవరూ ఫోన్ ఎత్తరు.