పాత పాట ఎవరు పాడారో తేల్చడం ఎలా

'గుండమ్మ కథ' (1962)లోని 'కోలో కోలోయన్న కోలో నా సామి' పాట వినిపించి, ఎంతమంది పాడారో చెప్పమని ఇంట్లో ఎవరినైనా అడగండి. నలుగురని చెప్పేవాళ్లే ఎక్కువ. తెర మీద ఎన్టీఆర్, సావిత్రి, ఏఎన్నార్, జమున నలుగురూ పాడుతూ కనిపిస్తారు మరి. నిజానికి పాడింది ఇద్దరే. హీరోలిద్దరికీ ఘంటసాల, హీరోయిన్లిద్దరికీ సుశీల. సంగీతమూ ఘంటసాలదే, పాట రాసింది పింగళి.

బ్యాంకులో రిటైరయ్యాక, మా రాజమండ్రి అపార్ట్‌మెంట్‌లో పెద్దవాళ్లకు పెన్‌డ్రైవుల్లో పాత పాటలు ఎక్కించి ఇచ్చే పని నా నెత్తిన పడింది. బజార్లో అమ్మే పాటల పెన్‌డ్రైవు తెరిచి చూడండి: 'ఎన్టీఆర్ హిట్స్', 'ఏఎన్నార్ హిట్స్' అని ఫోల్డర్లు ఉంటాయి. పాడినవాళ్ల పేరు వెతికినా దొరకదు. నేను చేసే పెన్‌డ్రైవులో హీరో పేరుతో ఫోల్డర్ ఉండదు. అది నా మొండితనం, మీకు నచ్చకపోతే వదిలేయండి. పాడిందెవరో, రాసిందెవరో, బాణీ కట్టిందెవరో మాత్రం తప్పుల్లేకుండా రాసుకోవాలంటే ఇలా చేయండి.

ముందు సినిమా, సంవత్సరం తేల్చుకోవాలి. సినిమా పేరొక్కటే రాస్తే లాభం లేదు. 'దేవదాసు' 1953లో ఒకటి, 1974లో కృష్ణది ఒకటి, 2006లో ఇంకొకటి వచ్చాయి. 'మిస్సమ్మ' 1955లోనూ ఉంది, 2003లోనూ ఉంది. 'మాయాబజార్' 1957, 2006. 'అహ నా పెళ్లియంట' అని వెతికితే 1957 నాటి పాటతో పాటు 1987లో జంధ్యాల తీసిన సినిమా కూడా వచ్చి పడుతుంది. సంవత్సరం రాసుకుంటే సగం తికమక తీరిపోతుంది. అసలది సినిమా పాటేనా అన్నదీ చూసుకోండి. 'పుష్పవిలాపం' ఘంటసాల ఇచ్చిన ప్రైవేట్ రికార్డు, కరుణశ్రీ పద్యాలు. దాన్ని ఏదో ఒక సినిమాకు అంటగట్టినవాళ్లను చూశాను.

సంవత్సరంలోనూ ఒక మెలిక ఉంది. 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైంది, జాతీయ అవార్డులు మాత్రం 1979 లెక్కలో వచ్చాయి. అవార్డుకు సెన్సార్ అయిన సంవత్సరం చూస్తారు. అందుకే ఒక చోట 79, ఇంకో చోట 80 కనిపిస్తే కంగారు పడకండి. ఏదో ఒక పద్ధతి పట్టుకుని లిస్టు మొత్తానికీ అదే పాటించండి. నేను విడుదల సంవత్సరమే రాస్తాను.

ఇక ఆధారాల సంగతి. నేను ఎక్కువగా నమ్మేది పాటల పుస్తకాన్ని. ఒకప్పుడు సినిమా హాలు దగ్గర అమ్మేవారు, పల్చటి కాగితం మీద. నటీనటుల పేర్లు, సగంలో ఆపేసి మిగతాది వెండితెర మీద చూడమనే కథ, ఆ తర్వాత పాటలు. చాలా పుస్తకాల్లో ప్రతి పాట దగ్గరా రాసినవారి పేరు, పాడినవారి పేరు ఉంటాయి. నా దగ్గరున్నవి ఎక్కువగా మా మేనత్త ట్రంకు పెట్టెలోంచి వచ్చాయి. మీకు అలాంటి మేనత్త లేకపోతే విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లోనో, హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో వెతకండి. ఒక్క జాగ్రత్త: సినిమా రాకముందే ఈ పుస్తకం అచ్చయ్యేది. కాబట్టి తర్వాత కత్తెర పడిన పాట కూడా అందులో ఉండొచ్చు.

తర్వాతి స్థానం గ్రామఫోన్ రికార్డు మధ్యలో ఉండే గుండ్రటి లేబుల్‌ది. రికార్డు మీ దగ్గర లేకపోయినా పరవాలేదు, సేకరించేవాళ్లు ఫోటోలు నెట్‌లో పెడుతున్నారు. 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. అందుకని పాటను కుదించేవారు, లేదా రెండు వైపులా పంచేవారు. సినిమాలో ఉన్న చరణం రికార్డులో లేకపోతే అది వేరే పాటా, వేరే గొంతా అని అనుమానపడక్కర్లేదు.

మూడోది సినిమా టైటిల్స్. యూట్యూబ్‌లో పాత సినిమాలు చాలావరకు పూర్తిగా ఉన్నాయి. మొదట్లోనే 'నేపథ్య గానం' అని కార్డు పడుతుంది, అక్కడ ఆపి రాసుకోండి. ఏ పాట ఎవరిదో అందులో ఉండదు, పేర్లు మాత్రమే ఉంటాయి. అయినా మహా ఉపయోగం. మీరు అనుకున్న పేరు ఆ కార్డులో లేకపోతే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే. 'మిస్సమ్మ' (1955) పాటలకు ఎన్టీఆర్ ఉన్నారు కదా అని అలవాటు కొద్దీ ఘంటసాల పేరు రాసేస్తుంటారు. అందులో ఎన్టీఆర్‌కు పాడింది ఏ.ఎం. రాజా. 'రావోయి చందమామ' రాజా, పి. లీల పాడారు. 'బృందావనమది అందరిది' రాజా, సుశీల పాడారు. టైటిల్ కార్డు అర నిమిషం చూస్తే చాలు, ఆ పొరపాటు జరగదు.

పాటల యాప్‌లను నేను చివర్లో పెడతాను. వాటిలో 'ఆర్టిస్ట్' అన్న చోట సంగీత దర్శకుడు, గాయకులు, ఒక్కోసారి హీరో కూడా కలగాపులగంగా ఉంటారు. ఒక చోట తప్పు పడితే నాలుగు చోట్లకు కాపీ అవుతుంది. నాలుగు యాప్‌లు ఒకే మాట చెప్పినా దాన్ని ఒక్క సాక్ష్యంగానే లెక్కేయండి.

కాగితం దొరకనప్పుడు చెవే గతి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పల్లవి వదిలేసి రెండో చరణం వినండి. వాయిద్యాలు తగ్గి గొంతు బయటపడే చోటు, ఆలాపన, నవ్వు, పాట చివర సాగదీసే మాట, వీటిలో మనిషి దొరికిపోతారు. పోల్చడానికి అదే ఏడాది, అదే గాయకుడిదని గట్టిగా తెలిసిన పాట పక్కన పెట్టుకోండి. ఇది ముఖ్యం. 1967లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో మొదలైన బాలు గొంతు వేరు, 'శంకరాభరణం' నాటి గొంతు వేరు. ఎనభైల పాటతో పోల్చి అరవైల పాటను తేల్చలేం. 'ఓహో గులాబి బాలా' (మంచి మనిషి, 1964) విని మెత్తగా ఉంది కాబట్టి రాజా అనేస్తారు కొందరు. అది పి.బి. శ్రీనివాస్. ఆ మెత్తదనం కింద ఒక బరువు ఉంటుంది, రెండూ వెంట వెంటనే వింటే తేడా తెలుస్తుంది.

తెర మీద మనిషిని చూస్తూ మాత్రం తేల్చకండి. 'వివాహ భోజనంబు' ఎస్వీ రంగారావే పాడారని మా పక్కింటి బాబాయిగారు ఇప్పటికీ పందెం కాస్తారు. పాడింది మాధవపెద్ది సత్యం. అదే 'మాయాబజార్'లో 'అహ నా పెళ్లియంట' సుశీల పాట అని రాసి ఊరుకుంటారు. ఆడపిల్ల రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కాబట్టి మధ్యలో మగ గొంతు ఒక్కసారి బయటపడుతుంది, అది ఘంటసాల. ఇద్దరి పేర్లూ రాయాలి. 'స్వాతికిరణం' (1992)లో పాడేది పిల్లవాడు, గొంతు వాణీ జయరామ్‌ది. 'ఆనతినీయరా'కు ఆవిడకు జాతీయ అవార్డు వచ్చింది. ఇక 'ముత్యాలూ వస్తావా' (మనుషులంతా ఒక్కటే, 1976) వింటే అల్లు రామలింగయ్యే పాడేశారనిపిస్తుంది. ఆయన వాలకం గొంతులోకి తెచ్చుకుని పాడింది బాలు.

తేదీల లెక్క వేసి గాయకుణ్ణి కొట్టేయడం ఇంకో పొరపాటు. ఘంటసాల పోయింది 1974 ఫిబ్రవరి 11న, 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది మే 1న. అయినా 'తెలుగు వీర లేవరా'లో ఆయన ఉన్నారు, వి. రామకృష్ణతో కలిసి. రికార్డింగ్ ముందే అయిపోతుంది కదా.

పేర్ల విషయానికొస్తే, 'సత్యం' అని ఒక్క మాట రాస్తే గాయకుడు మాధవపెద్ది సత్యమా, సంగీత దర్శకుడు చెళ్లపిళ్ల సత్యమా? సముద్రాల అంటే తండ్రి రాఘవాచార్యా, కొడుకు రామానుజాచార్యా? ఇంటిపేరుతో సహా రాయండి. గాయని జిక్కి, పి.జి. కృష్ణవేణి ఒక్కరే. కీరవాణి తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. ఒక మనిషికి ఒకే పేరు నిర్ణయించుకోకపోతే, రేపు వెతికినప్పుడు సగం పాటలే వస్తాయి.

రాసినవాళ్ల గడిలో ఎక్కువ అన్యాయం జరిగేది డబ్బింగ్ పాటలకు. 'రోజా' (1992) తెలుగు మాటలు రాజశ్రీవి, వైరముత్తు రాసింది తమిళం. 'చిన్ని చిన్ని ఆశ' పాడింది మిన్మిని. 'శంకరాభరణం' పాటలన్నీ వేటూరివే అనుకోవడమూ అంతే. 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్య కృతి, 'మానస సంచరరే' సదాశివ బ్రహ్మేంద్రులది. సంగీతం దగ్గర కూడా ఒక్క పేరుతో సరిపోని సినిమాలున్నాయి. 'మాయాబజార్'కు సంగీత దర్శకుడు ఘంటసాల, కానీ నాలుగు పాటల బాణీలు అంతకుముందే సాలూరి రాజేశ్వరరావు కట్టి ఉంచినవి.

కొత్త పాటలకు ఇంత శ్రమ లేదు. ఆడియో కంపెనీ సొంత ఛానెల్లో వీడియో కింద వివరాలుంటాయి. 'నాటు నాటు' ఆస్కార్ కీరవాణికి, చంద్రబోస్‌కు వచ్చింది. పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. హిందీ పాటలో రాహుల్‌తో పాటు విశాల్ మిశ్రా ఉంటారు, కాబట్టి భాష కూడా రాసుకోండి.

చివరగా ఫైల్‌లో ఎక్కించడం. కంప్యూటర్‌లో ట్యాగ్‌లు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదైనా చాలు. టైటిల్‌లో పల్లవి మొదటి మాటలు, ఆల్బమ్‌లో సినిమా పేరు పక్కనే సంవత్సరం, ఆర్టిస్ట్‌లో గాయకులు మాత్రమే, కంపోజర్‌లో సంగీత దర్శకుడు. రాసినవారికి చాలా ప్లేయర్లలో గడి కనిపించదు, అందుకని కామెంట్‌లో పెడతాను. మీ ఆధారం ఏమిటో కూడా అక్కడే ఒక ముక్క రాయండి: పుస్తకం, లేబుల్, టైటిల్స్, చెవి. చెవితో తేల్చినవాటికి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. కోరస్‌లో పేర్లు తెలియనివాళ్లకు 'బృందం' అని తప్పకుండా రాయండి, ఖాళీగా వదలొద్దు. కొన్ని కార్ల స్టీరియోలు తెలుగు అక్షరాల బదులు డబ్బాలు చూపిస్తాయి. కారు కోసం చేసే పెన్‌డ్రైవు మట్టుకు ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు పెట్టి, తెలుగు లిస్టు ప్రింటు తీసి డాష్‌బోర్డులో పడేయండి.