పిల్లల యాంటీబయాటిక్ పొడి మందులో నీళ్లు ఎలా కలపాలి?

చిన్నపిల్లలకు డాక్టర్లు రాసే అమాక్సిసిలిన్ సిరప్ మందుల షాపులో సీసా అడుగున పొడిగానే దొరుకుతుంది. ఆ మందు అణువులో ఉంగరంలా ఉండే బీటా-లాక్టమ్ వలయం అనే భాగం నీటిలో మెల్లగా విరిగిపోతుంది కనుక, వాడే రోజు వరకు దానిని పొడిగానే ఉంచుతారు. బ్యాక్టీరియా తన గోడను కట్టుకోవడానికి వాడే ఎంజైములను పట్టి ఆపేది ఆ వలయమే. మన కణాలకు గానీ, జలుబు తెచ్చే వైరస్‌లకు గానీ అటువంటి గోడ లేదు. అందుకే జలుబుకు ఈ మందు పనిచేయదు.

నీటిని మరిగించి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడినీళ్లు పోస్తే మందు పాడవుతుంది. పెట్టెలోనే స్టెరైల్ వాటర్ ఇచ్చి ఉంటే, లేబుల్‌పై చెప్పినట్టు దానినే వాడండి. మూత తీయకముందే సీసాను తలకిందులు చేసి, అరచేతితో తట్టి, గడ్డకట్టిన పొడిని వదులు చేయండి.

ఇక నేను కౌంటరు వెనుక నిలబడి ఏళ్ల తరబడి చూస్తున్న తప్పంతా ఈ తరువాతి దశలోనే జరుగుతుంది. సీసా మీద 30 మి.లీ. అని ఉంది కదా అని సరిగ్గా 30 మి.లీ. నీళ్లు కొలిచి పోసేస్తారు. ఆ అంకె కలిపిన తరువాత తయారయ్యే మందు మొత్తానిది. పొడి కూడా అందులో కొంత చోటు తీసుకుంటుంది. కాబట్టి కొలత నీళ్లది కాదు, సీసాపై ఉన్న గీతది. ముందుగా గీతలో సగం వరకే నీళ్లు పోసి, మూత బిగించి, అడుగున పొడి మిగలకుండా గట్టిగా కుదపండి. అప్పుడు నురుగు లేస్తుంది. ఆ నురుగునే మట్టమనుకొని ఆగిపోతే మందు చిక్కనవుతుంది, మోతాదు పెరుగుతుంది. నురుగు అణిగేదాకా ఓపిక పట్టి, సీసాను బల్లపై నిలబెట్టి, గీతను కంటికి సమానమైన ఎత్తులో చూస్తూ మిగిలిన నీటిని కొద్దికొద్దిగా పోయండి. మళ్లీ కుదిపి, మట్టం దిగితే గీత వరకు నింపండి.

నీళ్లు గీత దాటితే పైది కొంత ఒంపేసి సరిచేశామనుకోకండి. పలుచబడిన మందు ఒంపినా పలుచగానే ఉంటుంది. మరొక సీసా తెచ్చుకోవడమే మార్గం. మోతాదు చాలకపోతే బ్యాక్టీరియా చావకుండా మందును తట్టుకోవడం నేర్చుకుంటుందని పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో తన నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించారు.

వంటింటి చెంచాతో మందు పట్టకూడదు. ఏ రెండు చెంచాల కొలతా ఒకటి కాదు. మూతగా వచ్చే కప్పు కన్నా సూది లేని సిరంజి నయం, ఎందుకంటే కప్పు అంచులకు అంటుకున్న మందు బిడ్డ నోటికి చేరదు. మందు అడుగుకు పేరుకుంటుంది కనుక ప్రతిసారీ కుదపాలి. దద్దుర్లు వచ్చినా, ఆయాసం కనిపించినా మందు ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

కలిపిన తేదీని సీసాపై రాసి, లేబుల్ చెప్పిన చోట, సాధారణంగా ఫ్రిజ్‌లో, ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టవద్దు. మన దగ్గర దొరికే చాలా సీసాలపై గడువు 7 రోజులని ఉంటుంది. గొంతులో స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్‌కు రాసే 10 రోజుల కోర్సుకు ఆ గడువు చాలదు కనుక, రెండవ సీసాను పొడిగానే తెచ్చి పెట్టుకొని, మొదటిది అయిపోయిన రోజు, లేదా దాని గడువు తీరిన రోజు మాత్రమే కలపండి.