సంపు మోటారుకి ప్రెజర్ కంట్రోలర్ వైరింగు: నా అనుభవం

బెంగళూరులో సంపు నీళ్ళను నేరుగా కుళాయిలకు ఎక్కించే ఇళ్ళకి ప్రెజర్ కంట్రోలర్ (కుళాయి తిప్పితే మోటారును ఆన్ చేసి, కట్టేస్తే ఆపే పరికరం) బాగుంటుంది, కుళాయిల ఎత్తు దాని పరిధిలో ఉంటేనే. మామూలు రకం, పైపులో ప్రెజర్ 1.5 బార్‌కి (బార్ అంటే ప్రెజర్ కొలత) తగ్గితే మోటారును ఆన్ చేస్తుంది. 10 మీటర్ల నీటి ఎత్తంటే దాదాపు 1 బార్. పై అంతస్తు కుళాయి కంట్రోలర్ కన్నా 15 మీటర్ల పైన ఉంటే, దాన్ని తిప్పినా పైపులో నిలిచిన నీళ్ళ వల్ల కంట్రోలర్ దగ్గర ప్రెజర్ అంతకి తగ్గదు, మోటారు కదలదు.

మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూశాకే కంట్రోలర్ మూత విప్పండి. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారుకి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 10 ఆంపియర్ల సి రకం ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) చాలు. ఇంటి ఫేజు, న్యూట్రల్ వైర్లు కంట్రోలర్‌లోని లైన్ (కరెంటు వచ్చే) వైపు. మోటారు వైర్లు మోటారు వైపు. చాలావాటిలో రిలే (కంట్రోలర్ లోపలి స్విచ్చు) ఒక్క ఫేజునే తెంపుతుంది కాబట్టి, ఫేజు, న్యూట్రల్ తారుమారైతే మోటారు ఆగినా దాని వైండింగులో (లోపలి తీగచుట్టలో) కరెంటు ఉంటుంది. ఎర్తు ఎక్కడా తెగకుండా మోటారు బాడీ దాకా వెళ్ళాలి. ఇందులో బద్ధకం పనికిరాదు. మోటారు ఆంపియర్లు కంట్రోలర్ లేబుల్ మీదున్నదాన్ని మించితే మధ్యలో కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును తట్టుకునే స్విచ్చు) పెట్టాలి, లేకపోతే రిలే పాయింట్లు అతుక్కుపోతాయి.

కంట్రోలర్ మీది బాణం గుర్తు నీళ్ళు వెళ్ళే దిక్కుకే ఉండాలి. పంపుకీ కంట్రోలర్‌కీ నడుమ కుళాయి వద్దు.

కుళాయిలన్నీ కట్టినా మోటారు ఆగట్లేదా? బోరు, ట్యాంకర్ నీళ్ళ సున్నం పేరుకుని లోపలి ఫ్లో రేకు ఇరుక్కుని ఉండొచ్చు. విప్పి వెనిగర్‌లో నానబెట్టండి. ఊరికే ఆన్, ఆఫ్ అవుతుంటే కంట్రోలర్ తర్వాతి వాల్వు కట్టి చూడండి. అప్పుడు ఆగితే కారుతున్నది ఇంట్లోనే, ఎక్కువగా ఫ్లష్ ట్యాంకులో.