చిన్న బడిలో వింగ్ చున్ నేర్పడం – 4వ పాఠం: మోకాళ్ల గొడవ, ఆ తర్వాత చేతులు

వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్యలో ఈసారి చి సౌ, అంటే చేతులు ఆనించి చేసే సాధన, మొదలుకావాలి. కానీ నిలబడే పాఠం తర్వాత మీ శిష్యుల్లో చాలామందికి మోకాలి లోపలి పక్క నొప్పి పట్టుకుంది. ముందు దాని సంగతి చూద్దాం. తప్పులో నా వాటా ఉంది: "మోకాళ్లు లోపలికి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను.

ఆ నిలకడ పేరు యీ జీ కిమ్ యూంగ్ మా. యీ జీ అంటే చైనా లిపిలో 'రెండు' అనే అక్షరం: పైన పొట్టి గీత, కింద పొడుగు గీత. కాలివేళ్ల మధ్య దూరం పై గీత, మడమల మధ్య దూరం కింది గీత. కిమ్ యూంగ్ అంటే మేకను కాళ్ల మధ్య బిగించి పట్టడం. చిక్కంతా ఈ మేకతోనే. పేరు వినగానే కుర్రాళ్లు మోకాళ్లను ఒకదానికొకటి అదిమేస్తారు. మోకాలు తలుపు బందులాంటిది. మడిచే దిక్కుకే తయారైంది. పాదం నేలకు అతుక్కుని ఉండగా దాన్ని పక్కకు నెడితే లోపలి లిగమెంటు సాగుతుంది, అరికాలి వంపు కూలుతుంది. బిగింపు తుంటి దగ్గర పుట్టాలి. తొడ మొత్తం లోపలికి తిరిగితే మోకాలు తనంతట తాను వస్తుంది. దాన్ని ఎవరూ తొయ్యక్కర్లేదు.

దారానికి తాళంచెవి కట్టి మోకాలిచిప్ప మధ్య నుంచి వేలాడదీయండి. తాళంచెవి రెండో కాలివేలి మీదికి రావాలి. బొటనవేలు దాటి లోపలికి పోతే తప్పు. పాదం బయటి అంచు కింద కాగితం దూరినా అదే తప్పు. మోకాళ్ల మధ్య ఎన్ని పిడికిళ్ల ఖాళీ ఉండాలన్నది శాఖకో లెక్క. ఆ వాదన పక్కన పెట్టి దారాన్ని నమ్మండి. పాదాలు విప్పేటప్పుడు మొదటి తిప్పులోనే వేళ్లు బాగా బయటికి పోతే నిలకడ వెడల్పై, ఆ లోటు పూడ్చడానికి మోకాళ్లను ఈడుస్తారు. ఇప్పటికే నొప్పి ఉన్నవాళ్లు రెండు వారాలు కుర్చీలో కూర్చుని సియూ నిమ్ తావ్, అంటే వింగ్ చున్‌లో మొదటి కదలికల వరుస, అందులోని చేతులు మాత్రమే చేయాలి. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పంపండి, నూనె రాసి నెట్టుకురావద్దు.

ఇక చేతులు. సియూ నిమ్ తావ్ మొదటి భాగంలో ఒక తాన్ సౌ (అరచెయ్యి పైకి తిప్పి ముందుకు చాచే చెయ్యి), మూడు ఫుక్ సౌ (మణికట్టు వంచి అవతలివాడి చేతి మీద ఆనించే చెయ్యి) వస్తాయి. ఫుక్ సౌలో "మోచెయ్యి మధ్యకు" అన్నారంటే మోకాళ్ల కథే మళ్లీ మొదలు: మోచేతిని లాగుతారు, భుజం లేస్తుంది. అందుకే నోరు కట్టేసుకుని రెండు వేళ్లతో శిష్యుడి మణికట్టును అతని ఛాతీ వైపు నెమ్మదిగా నెట్టండి. భుజం పైకొస్తే బిగుసుకున్నాడు, మోచెయ్యి పక్కటెముకలకు అంటుకుంటే వదిలేశాడు. మొదటివాడికి "భుజం దించు", రెండోవాడికి "మోచెయ్యి ముందుకు". ఒకే మాట ఇద్దరికీ చెబితే ఒకడు తప్పక చెడతాడు.

"విన్నది వెంటనే చేయొచ్చా?" అని ఇద్దరు శిష్యులు అడిగితే కన్‌ఫ్యూషియస్ జీలూతో "తండ్రీ అన్నలూ ఉండగా అదెలా?" అన్నాడు, రాన్ యౌతో "వెంటనే చెయ్యి" అన్నాడు. జీలూది దూకుడు, రాన్ యౌది వెనకడుగు.

చిన్న బడి ఎందుకంటే ఇందుకే. గంటన్నర క్లాసులో ఎనిమిదిమందికి తలా ఐదు నిమిషాలు చెయ్యి ఆనిస్తే నలభై నిమిషాలు. పదహారుమందైతే గంటా ఇరవై, ఇంక మిగిలేది పది నిమిషాలు. జాగా పెద్ద అడ్డంకి కాదు, సియూ నిమ్ తావ్‌లో అడుగే కదలదు. 1950లో వింగ్ చున్ గురువు ఇప్ మాన్ హాంకాంగ్‌లో పాఠాలు మొదలుపెట్టింది హోటల్ కార్మికుల సంఘంలో.

సి హింగ్‌లు, అంటే ముందు చేరినవాళ్లు (వయసుతో పని లేదు), కొత్తవాళ్లకు సాధనకు చెయ్యి ఆనించాలి, సలహా ఇవ్వకూడదు. నా బడిలో ఇది చట్టం. ఒక తప్పుకు రెండు నోళ్లు తోడైతే రెండు తప్పులవుతాయి.

సాధన: 21 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తాన్ సౌ నుంచి మూడో ఫుక్ సౌ దాకా మాత్రమే, మీరు కూడా చేయాలి. వారానికోసారి అందరి మోకాళ్లకూ దారం పరీక్ష. నోటుబుక్కులో శిష్యుడికో పేజీ, పేజీకి ఒకే తప్పు. రెండు రాసి ఉంటే ఆ పేజీ చింపేసి, మళ్లీ చెయ్యి ఆనించి చూడండి.